నోట పలకని పేరు

"మొగుడి పేరు చెప్పు."

గుమస్తా మళ్లీ అడిగాడు. ఓబులమ్మ తల వంచుకుని కొంగు వేలికి చుట్టుకుంది.

"పేరు లేందే ఏ పుస్తకమని తీసేది? చేను కొన్నది ఆయనే గదా?"

"ఆయనే సామీ."

"మరి చెప్పు."

కట్టుకున్నవాడి పేరు ఆడది పలికితే వాడి ఆయుస్సు తరుగుతుందని ఓబులమ్మకు తల్లి చెప్పిన మాట. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోటి వెంట రాలేదు. ఇప్పుడు ఆయన పక్షవాతంతో మంచాన పడి ఉన్నాడు. మాట కూడా పడిపోయింది. మిగిలిన ఆ కాస్త ఆయుస్సును తన నాలుకతోనే కోసేదెట్లా?

"ఎవురినన్నా తోడుకోని రా పో. వాళ్ల చేత చెప్పిచ్చు," అని గుమస్తా కసిరాడు. "కచేరీకి వచ్చేదానివి, ఒక మొగపురుగునన్నా ఎంటబెట్టుకోని రాగూడదా?"

ఎవరున్నారు రావడానికి? పుల్లలచెరువు నుంచి మార్కాపురం దాకా ఒంటిగానే నడిచి వచ్చింది.

తెల్లవారితే కోర్టులో వాయిదా. వాగొడ్డు చేను తన తండ్రి కొన్నదని దాయాది రామసుబ్బయ్య దావా వేశాడు. కొట్టం అంటుకున్నప్పుడు వీళ్ల దస్తావేజు కాలి బూడిదైంది. ఈ రిజిస్ట్రారు కచేరీలో నకలు దొరికితే చేను నిలుస్తుంది. లేకుంటే లేదు.

బయలుదేరేటప్పుడు రామసుబ్బయ్య అరుగు మీద నుంచి నవ్వాడు.

"పో వదినా పో. మార్కాపురంలో గూడా మన మనుషులుండారులే, నీకు తోడు!"

ఆ నవ్వు దారి పొడుగునా ఆమె వెన్నంటే వచ్చింది.

ఓబులమ్మ వసారాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. మెట్ల కింద ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చిరిగిన కోటు, పక్కన మూట, ఆగని దగ్గు.

"ఏ ఊరమ్మా మీది?"

ఓబులమ్మకు రామసుబ్బయ్య నవ్వు గుర్తొచ్చింది.

"కొమరోలు."

"అట్లనా. మాటతీరు చూసి పుల్లలచెరువేమో అనుకుంటి."

"కాదు."

"ఆ ఊరోళ్లు ఎవురన్నా కనపడినారా తల్లీ? అందాకా నడుద్దామంటే ఊపిరి ఆడదు. చేన్ల పనుంటే ఈడికి రాక తప్పదు గదా అని, పొద్దున కాడ్నించి కాసుకోనుండా. మళ్లా రైలుకు పోవాల."

"నేను చూడ్లా."

ముసలాయన మెట్టు ఎక్కబోయి ఆగాడు.

"పోనీ, మాలకొండయ్య అని ఇన్నావా? బాగుండాడా ఆయన?"

ఓబులమ్మ ఉలిక్కిపడింది. తన నోట రాని ఆ పేరు ఈయన నోట ఎంత సులువుగా వచ్చింది! లోపలికి తీసుకుపోయి 'ఈయన చెప్పిందే సామీ' అంటే పని అయిపోతుంది.

కానీ ఈయనకు ఆ పేరుతో పనేంది? రామసుబ్బయ్య మనిషే అయ్యుంటాడు. ఇంట్లో మగవాడికి మాట పడిపోయిందని కూపీ తీయడానికే వచ్చి ఉంటాడు.

"ఆయనెవురో నాకు తెల్వదు," అంది. "ఆడదాన్ని ఒంటిగా చూసి ఏందయ్యా ఈ ఆరాలు? పెద్దోడివి, సిగ్గుండక్కర్లా?"

ముసలాయన ముఖం చిన్నబోయింది.

"తప్పయిపోయిందమ్మా. కోపం చేసుకోవాకు."

వసారా చివర అర్జీలు రాసే కరుణాకరం దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. తర్వాత మూట నెత్తికెత్తుకుని, దగ్గుకుంటూ స్టేషన్ దారి పట్టాడు.

పీడ వదిలిందనుకుంది ఓబులమ్మ.

ఎండ వసారా దిగిపోయింది. తెలిసిన ముఖం ఒక్కటీ రాలేదు. లోపల గుమస్తా కిటికీలు మూస్తున్న చప్పుడు వినిపించింది.

ఇక లేచింది. గుమస్తా ఎదుట నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది.

"మాలకొండయ్య."

చెప్పి లెంపలు వేసుకుంది.

గుమస్తా పేరు రాసుకున్నాడు. లోపలికి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. మోచేతుల దాకా మట్టి.

"ఆ యేటి పుస్తకానికి చెదలు పట్టిందమ్మా. అట్ట మిగిలింది. లోపలంతా మన్నే."

"ఇంకో పుస్తకం లేదా సామీ?"

"ఉండేదొకటే."

"మరి నేనేం చేయాల?"

"నన్నడిగితే? చెదలకు నోటీసు పంపేదా?"

ఓబులమ్మ వసారాలో కూలబడింది. పేరు పలికింది. చేను దక్కలేదు. ఇల్లు చేరేసరికి ఆయన ఉంటాడో లేదో.

కరుణాకరం సిరాబుడ్డి మూస్తూ చూశాడు.

"ఏందమ్మా ఏడుస్తాండావు?"

చెప్పింది.

"దానికేముందమ్మా? చేను అమ్మినాయన్ని తెచ్చి కోర్టులో నిలబెట్టు. ఎవురికి అమ్మినాడో ఆయన నోటితో చెప్తే చాలు, కాయితమే అక్కర్లా."

"యాడ తెచ్చేది నాయనా? ఇస్సాకు అని, నేను కాపురానికి రాకముందే కోలారు గనులకు పోయినాడంట. నేను మొగం గూడా ఎరగను."

కరుణాకరం చెయ్యి ఆగింది.

"నువ్వు పుల్లలచెరువు మాలకొండయ్య భార్యవా? కొమరోలు అంటివే!"

ఈసారి ఓబులమ్మ అవునని తలూపింది.

"రైలు పోయి శానాసేపాయె," అన్నాడతను, తనలో తాను అనుకుంటున్నట్టు. "ఆ గనుల్లో యాడని ఎతుకుతావు?"

"ఎవురినయ్యా?"

కరుణాకరం ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు.

"'మాలకొండయ్య తాలూకు ఎవురన్నా వస్తే, నేనమ్మిన చేను కలిసొచ్చిందా అని ఇస్సాకు అడిగినాడని చెప్పు' అని, నువ్వు కసురుకున్న ఆ ముసలాయనే నాతో చెప్పి పోయినాడు తల్లీ."