ఆపినవారి పేరు

సోమవారం పొద్దున టీగన్ కంప్యూటర్ తెరిచేసరికి తెర నిండా ఎర్రగీతలు. నాలుగు వందల పన్నెండు.

"ఎవరి నిర్వాకం ఇది?"

"ఇంకెవరు, మన తాతగారు!" పక్క సీటులోంచి కాలమ్ నవ్వాడు.

హోబార్ట్‌లోని ఆ ఆఫీసుకు, వాళ్లు తాతగారని పిలిచే డెస్మండ్ మూడు నెలల కాంట్రాక్టు మీద వచ్చాడు. ఆసుపత్రుల్లో పసిపిల్లలకు మందెక్కించే పంపులకు వాళ్లు కోడ్ రాస్తారు. ఆ కోడ్‌లో లొసుగుల్ని ముందే పట్టే లింటర్ అనే ప్రోగ్రాముకు అతను కొత్త నియమం ఒకటి చేర్చాడు.

"గంటకు ఎంత ఎక్కించాలన్నదీ ఒట్టి అంకే, మొత్తం ఎంతన్నదీ ఒట్టి అంకే," అన్నాడు డెస్మండ్ నెమ్మదిగా. "ఒకదాని చోట ఇంకొకటి పెట్టినా కంప్యూటర్ కిమ్మనదు. దేని రకం దానికి వేరుగా ఉండాలమ్మా."

"శుక్రవారం విడుదల పెట్టుకుని ఇప్పుడా? ఇన్నేళ్లలో ఎవరూ తారుమారు చెయ్యలేదు," అంది టీమ్ లీడర్ టీగన్.

"మూడు వారాలివ్వు. అన్నీ నేనే సరిచేస్తాను."

"మూడు గంటలు కూడా ఇవ్వలేను."

డెస్మండ్ ఆమె తెర మీద ఒక ఖాళీ గడి చూపించాడు.

"నియమాన్ని ఆపొచ్చు. కానీ ఆపినవాళ్ల పేరు, కారణం రాయాలి. లేకపోతే ఆగదు."

"మీరు పోలీసుల్లో చేరాల్సింది డెస్మండ్!" అన్నాడు కాలమ్.

అందరూ నవ్వారు. టీగన్ తన పేరు టైపు చేసింది. కారణం: సమయం లేదు.

ఎర్రగీతలన్నీ మాయమయ్యాయి.

నెలాఖరుకు అతని కాంట్రాక్టు అయిపోయింది. పొడిగించమని టీగన్ అడగలేదు. వెళ్లేరోజు ఆమె తుమ్ముతుంటే విని, వేడి టీ తెచ్చి బల్ల మీద పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయాడు.

ఆగస్టులో కాలమ్ రాసిన ఒక కోడ్ వరుసలో, గంటకు ఎంతన్న అంకె చోట మొత్తం ఎంతన్న అంకె పడింది. ఉత్తరాన ఒక ఆసుపత్రిలో, రోజంతా ఎక్కాల్సిన మందు ఒక్క గంటలో ఎక్కింది.

పుట్టి పదకొండు రోజులైన పాప దక్కలేదు.

విచారణ గదిలో అధికారిణి ఒక కాగితం ముందుకు జరిపింది.

"ఈ పేరు మీదేనా?"

"నాదే." టీగన్ కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "ఆ నియమం రాసినాయన్ని పిలిపించండి. ఆయన చెప్పాడు. నేనే వినలేదు."

"ఆయన జూన్‌లో చనిపోయాడు."

అధికారిణి పసుపుబారిన ఫైలొకటి తెరిచింది. పందొమ్మిదేళ్ల కిందటిది. ఇంకో కంపెనీ, ఇంకో పంపు, ఇంకో పసిపాప. తారుమారైనవి ఇవే రెండంకెలు.

టీగన్ వేలు వరుస వెంట వరుస దిగింది.

చిట్టచివర, హెచ్చరికను ఆపినవారి పేరు దగ్గర, గుండ్రటి చేతిరాత: డెస్మండ్ ప్రైక్.