జేబులో చెయ్యి

“కరెంటు పనిలో ఎడమ చెయ్యి జేబులోనే ఉండాలమ్మా. రెండు చేతులూ తగిలితే షాక్ గుండెలోంచి పోతుంది” అనేవాడు నాన్న. ఒక్క రాత్రి ఆ మాట తనే మరిచి, ఈ బల్ల దగ్గరే పోయాడు.

ఆయన సగంలో వదిలిన పల్స్ సర్క్యూట్‌ను పారెయ్యమని అమ్మ పోరింది. నేను వినలేదు. ఈ రాత్రి పూర్తిచేశాను. ట్రాన్సిస్టర్ సెకనుకు వేలసార్లు కరెంటును వదులుతూ ఆపుతూ ఉంటే, కాయిల్ సన్నగా కూత పెట్టింది.

ప్లగ్ పీకాను. కూత ఆగలేదు. కరెంటును నిలవ ఉంచుకునే కెపాసిటర్‌లో మిగిలిన చార్జి అనుకుని వంద లెక్కపెట్టాను. అయినా ఆగలేదు.

అప్పుడు, నాన్న చెప్పినట్టే జేబులో పెట్టుకున్న నా ఎడమ చేతిని చల్లటి వేళ్లు పట్టుకున్నాయి. అవి నాన్న వేళ్లేనని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. అంతలోనే అవి నా చేతిని బయటికి, సర్క్యూట్ వైపు లాగసాగాయి.

“నువ్వు మా నాన్నవి కాదు” అని, చేతిని జేబులోకి ఇంకా లోతుగా దోపుకున్నాను.