పద్నాలుగో నంబరు

ఇవాళ్టికి స్కాన్‌లు అయిపోయాయని చెప్పినా ఆ మనిషి కుర్చీలోంచి లేవలేదు.

జ్యోతికకు ఒళ్లు మండింది. వారంలో ఆరు రోజులు పన్నెండేసి గంటలు ఆ మిషన్ దగ్గరే. ఏడో రోజు కూడా ఈ చాకిరీ తప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పక్క సందులోని ఆ స్కాన్ సెంటర్‌కు ఆదివారాలు డాక్టర్ వెంకటేశ్వరరావు పంపినవాళ్లే వస్తారు. ఆయన మోటార్ న్యూరాన్ జబ్బు మీద పరిశోధన చేస్తున్నాడు. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బది. నయం చేసే మందు లేదు. ఆరు నెలలకోసారి మెదడును స్కాన్ తీసి, జబ్బు ఎంతదాకా పాకిందో చూస్తారు.

పోల్చి చూడటానికి ఏ జబ్బూ లేనివాళ్లను కూడా పిలుస్తారు. ఎవరు రోగో, ఎవరు కాదో స్కాన్ తీసే జ్యోతికకు తెలియకూడదు. లిస్టులో పేర్లుండవు, నంబర్లే. వచ్చినవాళ్లు కూడా తమ సంగతి ఆమెతో చెప్పకూడదని రూలు.

ఒకరు చెప్పాలా, నడక చూస్తే తెలియదా అనుకునేది జ్యోతిక.

పద్నాలుగో నంబరు ఎల్బీ నగర్‌లో షేర్ ఆటో నడుపుతాడు. నలభై దాటినా మెట్లు చకచకా ఎక్కేస్తాడు. మూడేళ్లుగా వస్తున్నాడు. చక్రాల కుర్చీలో ఎవరొచ్చినా తన వంతు వాళ్లకిచ్చేసి, తీరా ఆమె ఇంటికి బయల్దేరే వేళకు మిగిలేవాడు. ఇంత మంచితనం ఎవరడిగారని ఆమె లోపల్లోపల విసుక్కునేది.

ఈ ఆదివారం మాత్రం రాగానే తనే అడిగాడు.

"చెల్లె, ఇయ్యాల జర నన్ను ముందుగాల తీస్తవా?"

పడుకుంటే ఊపిరాడని పెద్దాయన ఒకరున్నారు, ఆగమంది. ఆగాడు. ఆ పెద్దాయనకు స్కాన్ రెండుసార్లు మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. తర్వాతి ఇద్దరికీ అంతే. చూస్తూండగానే సాయంత్రం అయిదు దాటింది.

"ఇయ్యాల కాదన్నా. మళ్ల ఫోన్ చేస్తరు, పోండ్రి."

"ఇయ్యాలనే కావాలె చెల్లె."

ఎందుకని అడిగింది. అతను చెప్పబోయి ఆగిపోయాడు.

"చెప్పొద్దన్నరు గదా."

జ్యోతికకు నవ్వు కూడా రాలేదు. మంచిగున్న మనిషికి ఒక్కసారి తప్పితే ఏమవుతుందని విసురుగా అనేసింది. అతను లేచి, వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

లిస్టులో పద్నాలుగుకు ఎదురుగా 'రాలేదు' అని రాసింది. వచ్చినా తీయలేదని రాస్తే సంజాయిషీ ఇవ్వాలి, మర్నాడు పిలిచి తీయాలి. రాలేదంటే మళ్లీ ఆరు నెలలకే. అలసిపోయిన ప్రాణం, అంతకు మించి ఆలోచించలేదు.

ఆరు నెలలకు పద్నాలుగో నంబరు చక్రాల కుర్చీలో వచ్చాడు. కుర్చీ తోస్తున్నది కూతురు రమ్య. అతని చేతులు రెండూ ఒళ్లో పడి ఉన్నాయి.

 జ్యోతిక అందరినీ ఆపి ముందు అతన్నే తీసుకుంది. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టగానే ఊపిరందక కొట్టుకున్నాడు. మూడుసార్లు ప్రయత్నించి మానేశారు. ఇక అతనికి స్కాన్ కుదరదు.

మాట ముద్దముద్దగా వస్తోంది. ఏదో అన్నాడు. తర్వాతివాళ్లను తియ్యమంటున్నాడని రమ్య చెప్పింది.

కబురందుకుని డాక్టర్ వచ్చాడు. ఈయనకు ఏ జబ్బూ లేదనుకున్నానని జ్యోతిక గొణిగింది. ఇంక దాచి లాభం లేదనుకున్నాడేమో, ఆయన చెప్పాడు.

"ఈ భిక్షపతి అన్నలిద్దరూ దీంతోనే పోయారమ్మా. ఇతనికీ వస్తుందని రక్తపరీక్షలో ముందే తేలింది. సరిగ్గా మొదలయ్యేటప్పుడు మెదడులో ఏం మారుతుందో చూపించే స్కాన్ మా దగ్గర ఒక్కటీ లేదు. అది దొరికితే ఈ జబ్బును ముందే పట్టుకోవచ్చని మూడేళ్లు ఎదురుచూశాం. ఆ ఒక్కసారే రాలేదు."

 జ్యోతిక తల సిగ్గుతో వాలిపోయింది.

రమ్య తండ్రి మూతి తుడుస్తూ, ఎవరి వైపూ చూడకుండా అంది.

"ఒచ్చిండు సార్. ఆ పొద్దున్నే ఆటో నడుపుతుంటే మొదటిపాలి బాపు చెయ్యి పట్టు తప్పింది, ఇయ్యాలనే తీపిచ్చుకోవాలె, రేపు నా బిడ్డకొస్తే పనికొస్తదని ఉరుక్కుంట ఒచ్చిండు."