ఒడ్డుకు చేరిన పుట్టి

“కుండలో ఏందది, పెద్దాయనా?” అడిగింది లూదియా.

“నత్తగుల్లల పులుసమ్మా. మీ అట్లాంటోళ్లు తినరులే.”

“మేం తినందేమీ లేదు!” అంటూ నవ్వింది.

అది నిజమే. శ్యాంసుందర్, లూదియా ఇద్దరూ ఆళ్లగడ్డలో టీచర్లు. పెళ్లయిన ఈ ఆరేళ్లలో నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, ఏదో ఒక దీవికి పోయేవాళ్లు. లక్షద్వీప్‌లో ఆక్టోపస్ వేపుడు తిన్నారు. మాజులీలో పట్టుపురుగుల కూర తిన్నారు. అన్నీ చూసేయాలన్న తొందర వాళ్లకు ఉండేది కాదు. చాప పరుచుకుని, అక్కడివాళ్లు తినేదే తిని, పొద్దు గూకేదాకా నీళ్లను చూస్తూ కూర్చునేవాళ్లు.

ఈసారి దూరం పోలేదు. అవుకు రిజర్వాయరు నడుమ ఉన్న చిన్న దిబ్బకు వచ్చారు. మోటారు పడవ వాళ్లను పొద్దున దింపి, నాలుగింటికి వస్తానని వెళ్లిపోయింది.

దిబ్బ మీద వాళ్లు కాక ఇంకొక్కడే మనిషి. పేరు యెషయా. వచ్చినవాళ్లకు వండిపెడతాడట.

“ముందు రవ్వంత నోట్లో పెట్టుకుని చూడమ్మా. అందరికీ పడదు ఇది.”

లూదియా వినలేదు. జొన్నరొట్టెలు రెండు పులుసులో ముంచుకుని తినేసింది.

పది నిమిషాలు కాలేదు, గొంతు దురద అంది. పెదవులు ఉబ్బాయి. కళ్లు మూసుకుపోయాయి. ఊపిరి పిల్లనగ్రోవిలోంచి వచ్చినట్టు సన్నగా కూస్తోంది.

“శ్యామ్... గాలి... అందడంలే...”

పడవవాడి ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. అంబులెన్సుకు చేశాడు.

“ఒడ్డుకు తీసుకురండి సార్, మేం అక్కడుంటాం” అన్నారు.

ఒడ్డు ఎక్కడో దూరాన గీతలా ఉంది.

శ్యాంసుందర్ ముసలాయన చొక్కా పట్టుకుని గుంజాడు. “ఏం పెట్టినావ్‌రా నా భార్యకు? చంపేస్తావా?”

యెషయా విడిపించుకోలేదు.

“కొట్టాలంటే తర్వాత కొడుదువులే సారూ. ముందు ఆయమ్మను ఎత్తుకో. నా పుట్టి ఉండాది.”

వెదురు బుట్టకు తారు పూసినట్టుండే గుండ్రటి పడవ అది. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. ముగ్గురూ ఎక్కారు.

యెషయా తెడ్డు వేస్తున్నాడు. లూదియా తల శ్యాంసుందర్ ఒళ్లో ఉంది. ఆమె వేళ్ల చివరలు నీలంగా మారుతున్నాయి.

“బేగా పోనీయ్! ఇంకా బేగా!” అరిచాడు శ్యాంసుందర్. “దానికేమన్నా అయితే నిన్ను వదల్ను!”

సగం దాటాక గాలి లేచింది. అలలు అంచు దాటి లోపల పడ్డాయి. శ్యాంసుందర్ దోసిళ్లతో తోడాడు. తోడేదానికన్నా చేరేదే ఎక్కువ. పుట్టి అంచుకూ నీటికీ మధ్య నాలుగు వేళ్ల ఎడం మిగిలింది. కాసేపటికి రెండు వేళ్లే.

యెషయా తెడ్డు ఆపాడు.

“ముగ్గురిని మోయదు సారూ. నీకు ఈతొచ్చునా?”

ఎన్నో దీవులు తిరిగాడు గానీ, శ్యాంసుందర్ ఈత నేర్చుకోలేదు.

“రాదు! నన్ను దిగమంటావా? దీన్ని నీకొదిలి నేను దిగను!”

“నిన్నెవరు దిగమన్న్యారు? నాకొచ్చులే.”

తెడ్డు అతని చేతిలో పెట్టాడు.

“ముందుకు చాపి నీ తట్టు లాక్కో, అంతే. గాలి ఒడ్డుకే కొడతాంది, అదే తోసుకుపోతాది. ఎనక్కి మాత్రం చూడొద్దు, పుట్టి గిర్రున తిరుగుతాది. నేను దిబ్బకు ఈదుకుంటా పోతాలే.”

పుట్టి ఒరగకుండా, మెల్లగా నీళ్లలోకి జారాడు. కాసేపు అంచు మీద అతని వేళ్లు కనిపించాయి. తర్వాత కనిపించలేదు.

పుట్టి తేలికపడి పైకి లేచింది.

శ్యాంసుందర్ వెనక్కి చూడలేదు.

ఒడ్డు తగలగానే భార్యను భుజాన వేసుకుని పరిగెత్తాడు. అంబులెన్సులోనే ఇంజక్షన్ పడింది. ఆ తర్వాత నంద్యాల ఆసుపత్రి.

“విషమేం కాదు, ఆ గుల్లలు ఆమె ఒంటికి పడలేదు” అంది డాక్టరు. “ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే మేమూ ఏం చేయలేకపోయేవాళ్లం.”

మూడో రోజు లూదియా లేచి కూర్చుంది.

“నేను బతికినానని ఆ పెద్దాయనకు చెప్పినావా?”

“లేదు” అన్నాడు శ్యాంసుందర్. ఆ మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఆయన గుర్తుకు రాలేదు.

మర్నాడే ఇద్దరూ అవుకు పోయారు. ఒడ్డున పుట్టి బోర్లించి ఉంది. పక్కనే ఒకామె నేల మీద కూర్చుని ఉంది. యెషయా భార్యనని చెప్పింది, పేరు కమలాక్షమ్మ.

“ఆయన కాళ్లు పట్టుకుందామని వచ్చినామమ్మా. యాడున్నాడు?” అన్నాడు శ్యాంసుందర్.

“నేనూ ఎతుకుతాండా నాయనా. నాలుగు దినాలాయె ఇంటికి రాక. దిబ్బ మీద లేడన్న్యారు పడవోళ్లు. పుట్టి ఒడ్డునే ఉండాదంటే మనిషి గట్టెక్కినట్లే గదా అంటాండారు. కొలిమిగుండ్లలో బిడ్డ ఇంటికి పోయినాడేమోనని పోయి చూసొస్తి. ఆడా లేడు.”

లూదియా శ్యాంసుందర్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“పుట్టి ఒడ్డుకు తెచ్చింది నేనమ్మా... ఆయన నీళ్ల నడుమ దిగినాడు. మునిగిపోతామని దిగినాడు. ఈదుకుంటా దిబ్బకు పోతానన్నాడు.”

కమలాక్షమ్మ అతని మొహంలోకి అర్థం కానట్టు చూసింది.

“ఎవరు, మా ఆయప్పా? ఆళ్లగడ్డలో ముప్పై ఏండ్లు మిషను కుట్టి, చూపు ఆనక మొన్న ఎండాకాలమే గదా సారూ ఈడికొచ్చి వంటకు కుదిరింది... ఆయప్పకు ఈత రాదు.”