మూతమ్మ

పనిలో చేరిన రోజు ఆవిడ ముందుగా చేసింది, మైనం పొయ్యి పక్కనున్న నీళ్ళ బకెట్ ఎత్తుకెళ్ళి పెరట్లో పెట్టడం.

"అదేంటి పెద్దమ్మా, రంగు కలిపినప్పుడల్లా నేను పెరట్లోకి నడవాలా?" అన్నాడు రంగులవాడు. మోచేతుల దాకా నీలం అంటుకున్న మనిషి.

"నడువు నాయనా. కాళ్ళున్నాయిగా."

"రేపు మైనం అంటుకుంటేనో?"

"మండే మైనం మీద చుక్క నీళ్ళు పడకూడదు. మూత పెట్టి పొయ్యి ఆర్పాలి."

చెప్పి ఊరుకోలేదు. పాత డ్రమ్ము మూత ఒకటి వెతికి, ఒళ్ళో పెట్టుకుని పొయ్యి పక్కన కూర్చుంది. తిండి తినేటప్పుడు కూడా అది ఒళ్ళోనే. సాయంత్రానికల్లా పేరు పడిపోయింది, మూతమ్మ అని.

మూడు గదుల బాతిక్ బట్టల కార్ఖానా అది. గుడ్డ మీద స్టెన్సిల్ రేకు పరిచి, దాంట్లో ఆకుల్లా, పువ్వుల్లా కోసిన కంతల్లోంచి వేడి మైనం కుంచెతో అద్దుతారు. మైనం పడిన చోట రంగు అంటదు. తర్వాత గుడ్డను మరిగే నీళ్ళలో వేస్తే మైనం వదిలి, పువ్వు తెల్లగా బయటపడుతుంది. మూతమ్మకు ఆ పనిలో చెయ్యి తిరిగింది. ఆవిడ అద్దిన పువ్వు అంచు చెదిరేది కాదు. అయినా మైనం కాచే పనే ఇమ్మంది. పొగకీ సెగకీ భయపడి ఎవరూ అడగని పని.

యజమానురాలిని అందరూ అక్క అంటారు. పొయ్యికి ఎదురుగా గోడ మీద ఆమె చెల్లెలి ఫోటో ఉంది. మూతమ్మ ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది.

"ఇలాంటి పొయ్యి దగ్గరే పోయింది," అంది అక్క. "కాలవగట్టు కార్ఖానాలో. పద్దెనిమిదేళ్ళయింది. మైనం అంటుకుంటే పక్కనున్నది ఎవతో బకెట్ నీళ్ళు కుమ్మరించింది. మంటంతా లేచి దీని మీద పడింది. మొహం గుర్తుపట్టలేకపోయాం. అరచేతులు కూడా మిగల్లేదు."

"పోసిందెవరో తెలిసిందా అమ్మా?"

"తనే పోశానని ఒప్పుకుని ఎటో పోయిందట. దాని చేతులు పడిపోవాలని రోజూ లేవగానే తిట్టుకుంటాను. మొహం కడుక్కోవడమైనా మర్చిపోతానేమో గానీ, అది మర్చిపోను."

మూతమ్మ వెళ్ళి పొయ్యి పక్కన కూర్చుంది. మూతను ఒళ్ళో ఇటు నుంచి అటు తిప్పుకుంది.

అక్క నిజంగానే రోజూ తిట్టేది. అదీ పైకే, పొయ్యి పక్కనే నిలబడి.

మూడో నెలలో మైనం అంటుకుంది. మంట కనపడీ కనపడకముందే గిన్నె మీద మూత పడింది. మంట చచ్చింది. మూతమ్మ రవికకు బదులు తొడుక్కునే చొక్కా చెయ్యి మాత్రం రగులుకుంటే, రంగులవాడు చొక్కా చింపి లాగేశాడు.

చెయ్యి కాలి బొబ్బలెక్కింది. కానీ అందరూ చూసింది ఆవిడ వీపును. మెడ నుంచి నడుము దాకా పాత కాలిన మచ్చలే, మామూలు చర్మం అన్నది లేదు.

"ఇదెక్కడ కాలింది పెద్దమ్మా?"

"కాలవగట్టు కార్ఖానాలో," అనేసింది నొప్పిలో. అనేసి నాలుక కరుచుకుంది.

అక్క దగ్గరికొచ్చింది.

"నీళ్ళు పోసింది నువ్వేనా?"

మూతమ్మ ఫోటో వైపు చూసింది.

"నేనే."

"బయటికి నడు."

"చెయ్యి కాలిందక్కా, ముందు ఆసుపత్రికి..." అన్నాడు రంగులవాడు.

"పడిపోనీ."

మూతమ్మ చిరిగిన చొక్కా భుజాల మీద కప్పుకుంది. మూతను పొయ్యికి ఆనించి పెట్టింది.

"బకెట్ మాత్రం లోపలికి రానివ్వకమ్మా," అని వెళ్ళిపోయింది.

మర్నాడే బకెట్ లోపలికొచ్చింది. అక్క చూసింది. తీసెయ్యమనబోయింది. అంటే అది మూతమ్మ మాట అవుతుందని, పంతం కొద్దీ ఊరుకుంది. కడుపు మండుతున్న మనిషికి పక్కనున్న పొయ్యి కనపడదు. మూత మీద తడి స్టెన్సిళ్ళు ఆరేశారు.

నెల తిరక్కుండానే మైనం మళ్ళీ అంటుకుంది. మూత స్టెన్సిళ్ళ కింద ఉంది. బకెట్ చేతికందేలా ఉంది. అక్క వద్దని అరిచేలోపే రంగులవాడు గుమ్మరించేశాడు.

ఆసుపత్రిలో అతని మొహానికి, ఛాతీకి, రెండు అరచేతులకు కట్లు కట్టారు. ప్రాణానికి భయం లేదన్నారు. చేతుల సంగతి ఎవరూ ఏమీ అనలేదు.

"మంట మీద నీళ్ళు పోశాడు కదూ?" అంది నర్సు.

"నీకెవరు చెప్పారు?" అంది అక్క.

"ఒకరు చెప్పాలా? పోసినవాళ్ళకి ముందువైపే కాలుతుంది. ఎదురుగా నిలబడే కదా పోస్తారు. పోయినవారం ఇదే మంచం మీద ఒక పెద్దావిడ ఉండేది. కాలిన చేతికి సమయానికి మందు పడక చీము పట్టింది. వీపు నిండా పాత మచ్చలు. ఇవెక్కడివని అడిగితే, ఎప్పుడో ఒక పిల్ల మండే మైనం మీద నీళ్ళు పోస్తుంటే ఆపబోయిందట. అప్పటికే ఆ పిల్ల పోసేసింది. ఇంకా మంట మీద పడకుండా తన వీపు అడ్డం పెట్టి పిల్లను పొదువుకుందట. పిల్ల చేజేతులా చేసుకుందని తెలిస్తే ఆ ఇంట్లోవాళ్ళు తట్టుకోలేరని, తనే పోశానని చెప్పుకుందట."

"ఇప్పుడెక్కడుంది?"

"ఇంకెక్కడుంది, పోయింది. చూడ్డానికి కూడా ఎవరూ రాలేదు."

అక్క రంగులవాడి అరచేతుల కట్ల వంకే చూస్తూ నిలబడిపోయింది. ఇన్నేళ్ళూ పడిపోవాలని తను తిట్టింది చెల్లెలి చేతుల్నే, మూడు నెలల పాటు ఆ తిట్లకు కూడా వీపు అడ్డం పెట్టి కూర్చుంది మూతమ్మ.