చల్లటి చేతులు

చేతి నరాల పరీక్ష నెగ్గినవాళ్లకే ఫ్యాక్టరీలు పనిచ్చే రోజులవి. రొయ్యల ఫ్యాక్టరీలో ఆ పరీక్ష నేర్చుకుంటున్న హైమవతికి, పాతవాళ్లే ఎక్కువగా ఎందుకు తప్పుతున్నారని ఒక అనుమానం పట్టుకుంది. కొత్తవాళ్లకు పనిలో దిగకముందే చేస్తారు. పాతవాళ్లను మాత్రం ఐసులో రొయ్యలు ఒలుస్తుండగా లేపి తెస్తారు. చల్లబడిన చేతిలో నరం మందగిస్తుంది కదా!

"చేతులు వెచ్చబడనిద్దామాండి?"

"నీకెందుకమ్మా? తీగలంటించి మీట నొక్కు," అన్నాడు నేర్పే సూరిబాబు.

హైమవతి మీట నొక్కలేదు. ఐసు దగ్గర్నుంచి లేచొచ్చి ఎదుట కూర్చున్న పోలమ్మ చేతిని తన చేతుల మధ్య పెట్టుకుంది.

"ఏంటమ్మా, జాతకం చూత్తన్నావా?"

"కాసేపుండు పిన్నీ."

చెయ్యి వెచ్చబడ్డాక పరీక్ష చేస్తే పోలమ్మ నెగ్గింది.

సూరిబాబు కళ్లు చిన్నవి చేశాడు. "ఈవిడ నీకేమవుద్ది?"

"ఏమీ అవదండి," అని హైమవతి గుమ్మం బయట తమ వంతు కోసం కూర్చున్న ఆడవాళ్లకేసి తిరిగింది. "అందరూ చేతులు చంకల్లో పెట్టుకోండి."