మాస్కు తియ్యి

"గీ మాస్కేంది అక్కా? మేమేమన్న కంపు గొడ్తున్నమా?" షేర్ ఆటోలో పక్కనున్న తారాబాయిని పద్మలత గట్టిగనే అడిగింది. పద్మలత ఒళ్లో పసిబిడ్డ ఉంది.

"కరోనా ఎప్పుడో పాయె. ఇంకా గీ షోకేంది?" డ్రైవర్ బాలేష్ అన్నడు. ఆటో అంత నవ్వింది.

"తియ్యరాదు, మొగం జూస్తం!" పద్మలత చెయ్యి చాపింది.

తారాబాయి మాస్కును గట్టిగ పట్టుకుంది. "వద్దు చెల్లె. నాకు టీబీ. మందులకు మేడ్చల్ దవాఖానకు పోతున్న. నీ బిడ్డకు అంటొద్దనే పెట్టుకున్న."

నవ్వులు ఆగినయి. పద్మలత బిడ్డ ముక్కుకు కొంగు అడ్డం పెట్టింది.

"అన్నా, ఆటో ఆపు. ఈమెను దించు."

గుండ్లపోచంపల్లి దాటినంక గోదాముల కాడ దించేసిండ్రు. ఆటో కనుమరుగైనంక, మనిషి లేని ఆ రోడ్డు మీద తారాబాయి మాస్కు తీసింది. అప్పటిదాక ఆపుకున్న దగ్గంత తనివిదీర దగ్గింది.